నిద్ర – స్వప్నము – సాధన



బ్రాహ్మీ ముహూర్తమున మేల్కొనవలెనని పెద్దలు మనకు విధించియున్నారు. సూర్యోదయమునకు 96 నిమిషములు ముందు ఆరంభమై 48 నిమిషములు సాగు ఆ కాలమున మనస్సు తేటగా నుండును. కాని గోదావరిఖని, రామగుండము ప్రాంతవాసులమైన మనకొక సందేహము కలదు. సింగరేణి గనులలో పని మూడు షిఫ్టులుగా రాత్రింబవళ్ళు సాగుచున్నది. రాత్రి షిఫ్టు దిగి, బొగ్గుమసి కడుగుకొని ఇల్లు చేరు కార్మికునకు సుప్రభాతవేళయే శయనవేళ. మరి అతనికి సాధన లేనట్లేనా?

శాస్త్రము అంత కఠినమైనది కాదు. మిక్కిలి నిద్రించువానికిని, బొత్తిగా నిద్ర మానినవానికిని యోగము సిద్ధింపదని గీత ఆరవ అధ్యాయమున భగవానుడు సెలవిచ్చెను. అచట ముఖ్యము మితము. బ్రాహ్మీ ముహూర్తమున లేవుమన్న వాగ్భటాచార్యుడే, జాగరణ అలవాటు లేనివాడు రాత్రి మేల్కొన్నచో, అందు సగము కాలము ఉదయమున భోజనమునకు పూర్వమే నిద్రింపవలెనని అష్టాంగహృదయమున చెప్పెను.

దేహములో ఒక గడియారము కలదని నేటి విజ్ఞానమును చెప్పుచున్నది. దాని రహస్యము వెల్లడించిన హాల్, రోస్బాష్, యంగ్ అను మువ్వురికి 2017లో నోబెల్ బహుమతి లభించినది. కొందరు స్వభావముచేతనే వేకువజీవులు. కొందరు రాత్రి పొద్దుపోయినకొలది చురుకగువారు. ఇందులో పుట్టుకకును, వయస్సునకును పాలు కలదు. యౌవనమున నిద్ర ఆలస్యమగును, వార్ధక్యమున మెలకువ ముందగును. కావున ఆలస్యముగా లేచు బిడ్డను వెంటనే సోమరియని నిందింపరాదు. ఆ గడియారము సూర్యకాంతిని అనుసరించునదగుటచే, షిఫ్టు మారినంతనే తానును మారజాలదు. అందుచే పగటినిద్ర తరచుగా కొరతపడును, తునకలగును.

తెల్లవారుజాము కల నిజమగునని లోకోక్తి. కనురెప్పల క్రింద కన్నులు వేగముగా కదలు నిద్రాదశను 1953లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. స్పష్టమైన కలలు అధికముగా అప్పుడే వచ్చును. రాత్రి నిద్రలో ఆ దశ వేకువకు సమీపించినకొలది దీర్ఘమగును. దాని నడుమ మెలకువ వచ్చినచో కల జ్ఞాపకముండును. పగటినిద్ర మాటిమాటికి చెదరిన కార్మికునకు గని కప్పు కూలినట్లు కల వచ్చి గుర్తుండిపోయిన, అది అపశకునము కాదు.

ఛాందోగ్యోపనిషత్తున ఇంద్రుడు, స్వప్నములో సంచరించువాడే ఆత్మ అని ప్రజాపతివలన విని, తృప్తినొందడయ్యెను. కలలో సహితము తరుమబడినట్లు భయము, దుఃఖము ఉన్నవి కదా అని మరల గురువును చేరెను. తుదకు కలను, మెలకువను చూచు సాక్షికి భయము అంటదని గ్రహించెను. మనమును ఆ సాక్షినే ఆశ్రయింతము.

అయితే నిద్రను కాపాడుట మన ధర్మము. గనిలో ఒక్క కునుకు ప్రక్కవాని ప్రాణమునకు ముప్పు. కావున రాత్రి షిఫ్టువాడు నిద్రించు ఇంట గదిని చీకటి చేసి, మాట తగ్గింతము. గుడిమైకు ధ్వనిని ఆవరణకే పరిమితము చేయుదము. అలసినవాని నిద్ర చెరచు స్తోత్రము స్వామికి ప్రీతికరము కాదు.

ఇక ఆ కార్మిక సోదరుడు ఏ జామున లేచినను, కన్ను తెరచిన తొలిక్షణమున భగవన్నామము తలచుగాక. అదియే అతనికి సుప్రభాతము.

శుభం భూయాత్.