మన నాటికకు కథ ఏది?

(పెన్షనర్ల దినోత్సవ నాటిక కోసం జరిగిన సన్నాహక సమావేశంలో ఒక సభ్యుని ప్రసంగ పాఠం. పలువురి కోరికపై ఈ ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాం. – సంపాదకవర్గం)



నన్ను ఉపన్యాసం ఇమ్మన్నారు. ముప్పయ్యారేళ్లు పోస్టాఫీసు కౌంటరు వెనక కూర్చుని "తర్వాత ఎవరండీ?" అనటమే తప్ప మైకు ముందు నిలబడిన అలవాటు లేదు. అయితే నాటిక పని నాకు అప్పగించి మూడు వారాలైంది. ఇంతవరకు ఏం జరిగిందో లెక్క అప్పజెప్పటం నా బాధ్యత కనుక లేచాను.

విషయం మీకు తెలిసిందే. ఏటా డిసెంబరు 17న పెన్షనర్ల దినోత్సవం జరుపుకుంటాం. 1982లో అదే తేదీన నకారా కేసులో సుప్రీంకోర్టు, పెన్షను యజమాని దయతలచి వేసే భిక్ష కాదనీ, చేసిన సేవకు దక్కే హక్కనీ తీర్పు చెప్పింది. ఈ సంగతిని ప్రతి ఏడూ నలుగురు వక్తలు నాలుగుసార్లు చెబుతారు. అయిదోవారు లేచేసరికి వెనక వరసలో కునుకుపాట్లు మొదలవుతాయి. అందుకని ఈసారి ఉపన్యాసాలు రెండుకు కుదించి, అరగంట నాటిక ఒకటి మనమే రాసుకుని మనమే ఆడాలని కార్యవర్గం తీర్మానించింది. ఎవరో రాసింది వద్దు, మన సర్వీసులోంచే కథ రావాలన్నారు. చప్పట్లు కొట్టాం. ఆ చప్పట్లయ్యాక తెలిసింది, మన దగ్గర కథ లేదని.

మొదటి ఆదివారం కార్యదర్శి గారింట్లో పదకొండుమందిమి కూర్చున్నాం. ఎవరికి తోచింది వారు చెప్పండి, నేను రాసుకుంటానన్నాను. అరగంటలో నాలుగు కథలొచ్చాయి. మొదటిదాంట్లో కొడుకు అమెరికాలో, తల్లిదండ్రులు వృద్ధాశ్రమంలో. రెండోదాంట్లో కొడుకు హైదరాబాదులో, తల్లిదండ్రులు వృద్ధాశ్రమంలో. మూడోదాంట్లో కోడలు మంచిది కాదు. నాలుగోదాంట్లో కోడలు మంచిదే, కొడుకు మంచివాడు కాదు. నేను రాసుకుంటూ పోయాను. చివరికి ఉండబట్టలేక అడిగాను, "అయ్యా, మనలో వృద్ధాశ్రమం లోపలికి వెళ్లి చూసినవారెందరు?" అని. ఒక్కరు చెయ్యెత్తారు. ఆయన అక్కడ పండ్లు పంచటానికి వెళ్లారట.

అలాంటివి జరగవని నేననను. ఎక్కడో ఒకచోట జరుగుతూనే ఉన్నాయి. కానీ కథ చెప్పమనగానే మన నోటికి ముందుగా వచ్చేది సినిమాలోనో సీరియల్లోనో చూసింది. చాలారోజులు మూసి ఉన్న కుళాయి తిప్పితే మొదట తుప్పునీళ్లే వస్తాయి, కాసేపు వదిలెయ్యాలి. అందుకే ఆ నాలుగూ నేను కొట్టెయ్యలేదు, నోటుబుక్కులోనే ఉన్నాయి. అప్పటికప్పుడు "ఇది పాత చింతకాయ పచ్చడి" అనేస్తే అయిదో కథ చెప్పటానికి ఎవరూ నోరు విప్పరు. ఆఫీసు మీటింగుల్లో చూశాం కదా, మొదటి సలహా విని పై అధికారి నవ్వితే ఇక రెండో సలహా ఉండదు.

అంతలో టీ వచ్చింది. పని ఆపి కబుర్లలో పడ్డాం. కథలు దొరకటం అప్పుడు మొదలైంది.

ప్యాకరుగా చేసి రిటైరైన మిత్రుడొకరు టీ గ్లాసు పట్టుకున్న చెయ్యి చూపించారు. ఏళ్ల తరబడి సంచులు కట్టి, లక్క సీళ్లు వేసి బొటనవేలు నున్నగా అరిగిపోయింది. 2014లో డిజిటల్ లైఫ్ సర్టిఫికెట్ వచ్చాక, ఒక నవంబరులో వెళ్లి వేలు పెడితే మిషను ఒప్పుకోలేదు. రెండో చెయ్యి పెట్టారు, అదీ అంతే. "తాతగారూ, మీరు బతికున్నట్టు రావటం లేదు" అన్నాడట అక్కడి కుర్రవాడు. ముఖం చూసి గుర్తించే పద్ధతి 2021లో వచ్చింది. సరిగ్గా ఆ నెలలో ఈయన కంటి ఆపరేషన్ చేయించుకుని నల్ల కళ్లద్దాల్లో ఉన్నారు! మేమందరం కడుపు చెక్కలయ్యేలా నవ్వాం. ఆయనా నవ్వారు. గ్లాసు కింద పెడుతూ మెల్లగా అన్నారు, "నవ్వారు గానీ, ఆ మొదటి రోజు ఇంటికెళ్లి మా ఆవిడతో పని అయిపోయిందని చెప్పాను" అని.

ఆ మాట వినగానే నాకు రష్యన్ రచయిత గోగోల్ గుర్తుకొచ్చాడు. ఆయనా కొంతకాలం సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో సర్కారు కొలువు చేసినవాడే, అంటే మనవాడే. ఒకరోజు ఆయన సమక్షంలో ఎవరో ఒక ఆఫీసు కబురు చెప్పారు. ఒక పేద గుమాస్తాకు పిట్టల వేటంటే పిచ్చి. కడుపు కట్టుకుని, పైపని చేసి, రెండు వందల రూబుళ్లు కూడబెట్టి మంచి తుపాకీ కొన్నాడు. మొదటిరోజే పడవలో వెళ్తుంటే దట్టమైన రెల్లు తగిలి అది నీళ్లలోకి జారిపోయింది. ఎంత వెతికినా దొరకలేదు. ఇంటికొచ్చి మంచం పట్టాడు. తోటి ఉద్యోగులు చందాలు వేసుకుని ఇంకో తుపాకీ కొనిచ్చాక గాని లేవలేదు. అది విని అందరూ నవ్వారు. గోగోల్ ఒక్కడూ తల వంచుకుని ఆలోచనలో పడ్డాడు. అక్కడున్న అన్నెన్‌కోవ్ అనే మిత్రుడు ఈ సంగతి రాసిపెట్టాడు. కొన్నేళ్లకు, 1842లో, "ఓవర్‌కోట్" కథ అచ్చయింది.

ఇందులో నాకు నచ్చింది గోగోల్ ఏం మార్చాడన్నది. తుపాకీ తీసేసి కోటు పెట్టాడు. తుపాకీ సరదా, కోటు లేకపోతే ఆ చలికి మనిషి బతకడు. రెండోది, చందాలు వేసి ఆదుకున్న మిత్రుల్ని తీసేశాడు. కబురులో అందరికీ ఊరట కలిగించిన ముక్క అదే, కథలో అది లేదు. విన్నదాన్ని విన్నట్టు రాస్తే అది కబురుగానే ఉండిపోయేది.

మన గురజాడ విషయమూ చెప్పాలి. "కన్యాశుల్కం" వెనక ఒక జాబితా ఉంది. మనం సర్వీసంతా తయారుచేసిన స్టేట్‌మెంట్ల వంటిదే. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్లలో శుల్కం పుచ్చుకుని చేసిన పెళ్లిళ్ల లెక్క తీయమని విజయనగరం మహారాజావారు ఆజ్ఞాపిస్తే 1034 తేలాయి. వాటిలో తొంభైతొమ్మిదిమంది పిల్లల వయసు అయిదేళ్లు. ముగ్గురికి ఏడాది! ఈ అంకెలు గురజాడ తన 1897 ముద్రణకు రాసిన పీఠికలోనే ఉన్నాయి. ఆ జాబితాకు గీతలు గీసి, గడులు నింపి, అడుగున టోటల్ వేసినవాడు ఎవరో ఒక గుమాస్తా అయివుండాలి. ఆయనకది ఫైలు. 1892లో మొదటిసారి ఆడిన ఆ నాటకాన్ని 1909 నాటికి గురజాడ దాదాపు కొత్త నాటకమన్నట్టుగా తిరగరాశారు. కాబట్టి మనం మూడు వారాలకే కంగారుపడనక్కర్లేదు.

రెండో ఆదివారం ఎవరికి వారు తమ సర్వీసులో నిద్ర పట్టనివ్వని సంగతి ఒకటి చెప్పాలని నియమం పెట్టుకున్నాం. టెలిఫోన్ ఆపరేటరుగా చేసిన అక్కయ్యగారు రాత్రి డ్యూటీలో కలిపిన ఒక ట్రంకాల్ గురించి చెప్పారు. అది వారి అనుమతి లేకుండా ఇక్కడ చెప్పను. నియమం పెట్టినవాణ్ణి నేనే గనుక నా వంతూ వచ్చింది. నలభై ఏళ్లుగా ఇంట్లో కూడా చెప్పనిది చెప్పాను. మీకూ చెబుతాను.

1982. కరీంనగర్ జిల్లాలో ఒక ఊరు. పేరు చెప్పను. సింగిల్ హ్యాండెడ్ సబాఫీసు, నేనే పోస్టుమాస్టర్ని, నేనే గుమాస్తాను. ఆ ప్రాంతం నేతపనివాళ్లు ఎందరో బొంబాయి బట్టల మిల్లుల్లో పనిచేసేవారు. నెలనెలా మనియార్డర్లు దిగేవి. ఫారం అడుగున కూపన్ మీద కొడుకు రాసిన రెండు ముక్కలు చదివించుకోవటానికి తల్లులు కౌంటరు దగ్గర నిలబడేవారు. చదివిపెట్టటం మా డ్యూటీ కాదు, కానీ ఎవరు కాదనగలరు? ఆ జనవరి 18న బొంబాయి మిల్లుల సమ్మె మొదలైంది. రెండున్నర లక్షలమంది కార్మికులు బయటికొచ్చారు. మా ఊరి మనియార్డర్లు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

ఒకావిడ రోజూ వచ్చేది. మార్చిలో ఇన్‌లాండ్ లెటర్ వచ్చింది. కొడుకు రాశాడు: సమ్మె ఎప్పుడు తెగుతుందో తెలియదు, ఖోలీ కిరాయి కట్టలేదు, చెల్లె పెళ్లి ఆపండి, నా మీద ఆశ పెట్టుకోకండి. నేను ఆవిడ ముఖం చూశాను. నాకప్పుడు ఇరవై ఎనిమిదేళ్లు. "సమ్మె తొందర్లోనే అయిపోతుందట, పైసలు పంపుతాడట, రంది పడొద్దన్నాడు" అని చదివాను. ఆవిడ నన్ను చల్లగా ఉండమని దీవించి వెళ్లింది. ఆ రాత్రి నేను చాలా మంచిపని చేశాననుకుని పడుకున్నాను.

ఆ సమ్మె అధికారికంగా ముగిసిందే లేదు. చాలామందికి ఉద్యోగాలు మళ్లీ రాలేదు. కొడుకు పంపుతాడన్న ధైర్యంతో ఆవిడ షావుకారు దగ్గర అప్పు తెచ్చి ఆ ఎండాకాలమే పిల్ల పెళ్లి చేసింది. మరుసటేడు కొడుకు చిక్కి శల్యమై ఇల్లు చేరాడు. నాలుగు రోజులకు ఆవిడ కౌంటరు దగ్గరకొచ్చి, కొంగుముడి విప్పి, ఆ పాత ఇన్‌లాండ్ లెటర్ తీసి ముందు పెట్టింది. "సారూ, గీ కాయిదంల ఏం రాసిండో మల్లొక్కపారి సదువు" అంది. ఈసారి ఉన్నదున్నట్టు చదివాను. ఆవిడ ఒక్క మాట అనలేదు. మడిచి కొంగున కట్టుకుని వెళ్లింది. ఆ తర్వాత ఉత్తరం వస్తే బడిపిల్లవాడొకణ్ణి వెంటబెట్టుకుని వచ్చేది. నేను బదిలీ అయ్యేదాకా అంతే.

నోటుబుక్కులో దీన్ని ఒకే వాక్యంగా రాశాను: ఉత్తరం తప్పు చదివిన పోస్టుమాస్టరు.

మూడో ఆదివారం దీనిమీద వాదన జరిగింది. ఒక మిత్రుడు, "బ్రహ్మాండంగా ఉంది, చివర కొడుక్కి ఉద్యోగం వచ్చినట్టు పెడదాం, పోస్టుమాస్టరు దయ అందరికీ అర్థమవుతుంది, జనం కంటతడి పెడతారు" అన్నారు. ఆయన నామీద ప్రేమతోనే అన్నారు. నాకు ఒక్క క్షణం ఆశ పుట్టిన మాట నిజం. నలభై ఏళ్ల తర్వాత స్టేజీ మీద నన్ను నిర్దోషిగా విడుదల చేస్తామంటే ఎవరికి చేదు? కానీ గోగోల్ తీసేసిన చందాలు గుర్తొచ్చాయి. వద్దన్నాను.

అప్పుడు టెలిఫోన్ అక్కయ్యగారు అన్నారు, "ఇంతసేపూ మీరు పోస్టుమాస్టరు గురించే మాట్లాడుతున్నారు. అప్పు తీర్చింది ఎవరు? ఆవిడ ఆ కాగితం ఏడాదిపాటు కొంగున కట్టుకుని తిరిగింది. స్టేజీ మీద మొదటినుంచి చివరిదాకా ఉండవలసింది ఆవిడ. పోస్టుమాస్టరు గొంతు కౌంటరు వెనకనుంచి వినపడితే చాలు." పది మందిలో ఒక్కరం మాట్లాడలేకపోయాం. తన సొంత కథలో తాను వినపడే గొంతు మాత్రమే కావటం ఎలా ఉంటుందో మీరే ఊహించుకోండి. కానీ ఆవిడ చెప్పిందే సరి.

ఇంకా తేలనివి ఉన్నాయి. ఆవిడ మనవలు ఎక్కడో ఉండే ఉంటారు. చూసి గుర్తుపట్టి బాధపడకూడదు. కనుక ఊరు, కొడుకు చేసే పని, పెళ్లి, అన్నీ మార్చాలి. మార్చినా ఆ కాగితం మళ్లీ చదవమనటం ఒక్కటి మిగలాలి. అసలు ఈ కథే ఆడాలని నా పట్టుదల కాదు. ప్యాకరు గారి బొటనవేలు దీనికంటే బాగుందని ముగ్గురి అభిప్రాయం. అది నవ్విస్తుంది కూడా. ఆయన ఇంటికెళ్లి భార్యతో అబద్ధం చెప్పిన ఆ ఘట్టం దగ్గర ఎవరైనా కూర్చుని ఆలోచిస్తే అది పూర్తి నాటికవుతుంది. రెండిట్లోనూ ప్రేమకొద్దీ ఆడిన అబద్ధమే ఉండటం విచిత్రం. రెండూ కలిపితే ఎలా ఉంటుందో కూడా చూడవచ్చు.

కథ ఏదైనా, మన శక్తి కూడా చూసుకోవాలి. నేలమీద కూర్చుని లేచే సన్నివేశాలు వద్దు, మోకాళ్లు ఒప్పుకోవు. పెద్ద పెద్ద డైలాగులు వద్దు, మందుబిళ్ల వేసుకున్నామో లేదో గుర్తుండని వాళ్లం. ఒక బల్ల, ఒక కుర్చీ, ఒక కౌంటరు కిటికీ చాలు.

నోటుబుక్కులో ఇప్పటికి ఇరవైమూడు వాక్యాలున్నాయి. ఈ సభలోంచి ఇంకా రావాలి. ముఖ్యంగా అమ్మలను అడుగుతున్నాను. మా సర్వీసు సంగతులు మాకంటే మీకే ఎక్కువ తెలుసు, మేం దాచామనుకున్నవీ తెలుసు. ఒక్క వాక్యం రాస్తే చాలు. మనుషుల పేర్లు రాయవద్దు. బాగుందో లేదో అక్కడే ఆలోచించవద్దు, ఆ పని వచ్చే ఆదివారం అందరం కలిసి చేద్దాం. చెయ్యి వణికేవారు చెబితే నేను రాస్తాను. ఈసారి చెప్పింది చెప్పినట్టే రాస్తాను, రాసింది రాసినట్టే చదివి వినిపిస్తాను.

పుస్తకం బయట టీ బల్ల మీద ఉంది. పెన్ను దారంతో కట్టి పెట్టాను, పాత అలవాటు.