ఎడమవైపు మూడో మెట్టు

పట్టాలు అందుకోబోతున్న పిల్లలూ!

ఇందాక వేదిక ఎక్కుతూ ఒక మెట్టు దగ్గర తూలాను. మీలో కొందరు నవ్వడం చూశాను. తప్పేం లేదు, మీ వయసులో నేనూ నవ్వేవాణ్నే. ఏళ్ల తరబడి ఇంగ్లీషు పాఠం చెప్పినవాణ్ని కదా, తూలుతూ కూడా ఒకటే అనుకున్నాను: ఇవాళ్టి పండగంతా ఈ మెట్టుదే. లాటిన్‌లో గ్రాడస్ అంటే అడుగు, మెట్టు. గ్రాడ్యుయేట్ అన్న మాట అందులోంచి పుట్టింది. డిగ్రీ, గ్రేడ్ కూడా ఆ ఇంటివే. నాన్నగారి సంతకం మీరే పెట్టేసుకున్న ప్రోగ్రెస్ కార్డులో ప్రోగ్రెస్సూ వాటికి చుట్టమే. డీగ్రేడ్ అన్నా అదే మెట్టు, కాకపోతే దిగడానికి.

మరి మన మాట? స్నాతకోత్సవం. స్నాతకుడంటే స్నానం చేసినవాడు, గురువు దగ్గర చదువు ముగించుకుని, తలారా నీళ్లు పోసుకుని ఇంటిదారి పట్టినవాడు. ఆ తంతుకు సమావర్తనం అని ఇంకో పేరుంది, తిరిగి రావడమని అర్థం. మన పెళ్లిళ్లలో స్నాతకం ఇంకా మిగిలే ఉంది. అది కాగానే పెళ్లికొడుకు గొడుగు పట్టి, పాదుకలు తొడుక్కుని కాశీకి బయల్దేరతాడు. బావమరిది ఎదురొచ్చి బెల్లం ముక్కతో బతిమాలి వెనక్కి తిప్పుతాడు. ఇంగ్లీషు మాట పైకి ఎక్కమంటుంది, మన మాట ఇంటికి రమ్మంటుంది. మీరు ఈ రెండు పనులూ ఒకే గౌనులో చేస్తున్నారు. ఆ గౌను మాత్రం మన ఎండలు తెలిసినవాళ్లు కుట్టింది కాదు.

కదలికకూ మార్పుకూ ఇంగ్లీషులో ఉన్న మాటల గురించి నాలుగు ముక్కలు చెబుదామని వచ్చాను. షిఫ్ట్ అయ్యాం, ట్రాన్స్‌ఫర్ చేయించుకున్నాం, అప్‌గ్రేడ్ చేశాం అంటూ వాటిని తెలుగులో ధారాళంగా వాడేస్తాం. మాట అయితే వచ్చింది, దాని వెనకున్న కథ రాలేదు. కదిలిందెవరు, కదిలించిందెవరు, ఆ కదలికకు ఖర్చు పెట్టుకున్నదెవరు అన్న సంగతులు ఆ కథలోనే ఉంటాయి.

నేను చాలా ఏళ్లు తెనాలి నుంచి గుంటూరుకు ప్యాసింజర్ బండిలో తిరిగాను. జేబులో ఎప్పుడూ సీజన్ టికెట్ ఉండేది. 1998లో చిలకలూరిపేట బస్సు దహనం కేసులో ఇద్దరి ఉరిశిక్షను రాష్ట్రపతి యావజ్జీవ శిక్షగా మార్చారు. ఇంగ్లీషు పేపర్లు కమ్యూట్ చేశారని రాశాయి. ఆ వార్త క్లాసులో చదివిస్తుంటే వెనక బెంచీ కుర్రాడొకడు లేచాడు. "సార్, కమ్యూట్ అంటే మీలాగా రోజూ రైల్లో తిరగడం అని మొన్న చెప్పారు. మరి ఉరిశిక్ష ఎలా తిరుగుతుంది సార్?" క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వేసి, అది వేరే అర్థంలే అని చెప్పి పాఠంలోకి వెళ్లిపోయాను.

సాయంత్రం బండిలో కూర్చున్నాక ఆ ప్రశ్న వదల్లేదు. మర్నాడు లైబ్రరీలో పెద్ద నిఘంటువు తీస్తే సిగ్గేసింది. వేరే అర్థం కాదు, ఒకటే అర్థం. కమ్యూట్ అంటే అసలు ఒకదానికి బదులు ఇంకొకటి తీసుకోవడం. పెద్ద శిక్షకు బదులు చిన్న శిక్ష. మన రాజ్యాంగం 72వ అధికరణం రాష్ట్రపతికి ఇచ్చిన అధికారాల్లో ఇదొకటి. 19వ శతాబ్దం నడుమ అమెరికా రైల్వేలు రోజూ వచ్చేవాళ్లకు విడి టికెట్లకు బదులు ఒక్కసారే తక్కువ మొత్తం కట్టించుకుని కమ్యుటేషన్ టికెట్ ఇచ్చేవి. ఆ టికెట్ కొన్నవాడు కమ్యూటర్ అయ్యాడు. తర్వాత టికెట్ పేరు జనం మర్చిపోయారు, ప్రయాణానికి మాత్రం ఆ పేరు అంటుకుపోయింది. అంటే నా జేబులో ఉన్న అట్టముక్కే ఆ పిల్లవాడి ప్రశ్నకు జవాబు! ఆ రోజే క్లాసులో వాడికి చెప్పి, నిన్న నేను తప్పించుకున్నాను అని ఒప్పుకున్నాను.

ఆ మాట నన్ను అక్కడితో వదల్లేదు. రిటైరైన రోజు పెన్షన్ కాగితాల్లో మళ్లీ కనబడింది. పెన్షన్‌లో కొంత భాగం కమ్యూట్ చేసుకున్నాను, అంటే నెలనెలా రావాల్సిన దాన్ని వదులుకుని ఒకేసారి పెద్ద మొత్తం తీసుకున్నాను. వదులుకున్న భాగం మళ్లీ పూర్తిగా రావాలంటే 15 ఏళ్లు బతకాలి. ఇక్కడున్న పెన్షనర్లు ఎందుకు నవ్వుతున్నారో మీ తాతగార్లని అడగండి.

ఇంకో జత మాటలు. అలంపురం వెళ్లినవాళ్లు సంగమేశ్వరాలయం చూసే ఉంటారు. అది పుట్టింది అక్కడ కాదు. కృష్ణా తుంగభద్రలు కలిసే కూడవెల్లిలో ఉండేది. శ్రీశైలం జలాశయంలో మునిగిపోతుందని రాయి రాయీ విప్పి, తెచ్చి, అలంపురంలో మళ్లీ పేర్చారు. ఆ పనికి ఇంగ్లీషులో ట్రాన్స్‌ప్లాంటేషన్ అని పేరు. నారు పీకి నాటినట్టు, వేరు తెగకుండా చూసుకున్నట్టు ఎంత ముద్దుగా ఉందో. అదే నీళ్లలో ఊళ్లు పోయినవాళ్లకు కాగితాల మీద పడిన పేరు డిస్‌ప్లేస్డ్. చోటు తప్పినవాళ్లు. రాళ్లను తప్పక నాటాలనుకున్నారు, మనుషులు తప్పుకుంటే చాలనుకున్నారు. నది ఒకటే, జలాశయం ఒకటే, రెండు మాటలు. తెలుగులో మనం పెట్టుకున్న నిర్వాసితులు అన్న మాట కూడా ఏమంత గొప్పది కాదు, వాళ్లని ఎవరు లేపారో అదీ చెప్పదు.

రేపు మీ చేతికి ఉద్యోగాల ఉత్తరాలు వస్తాయి. వాటిలో ఎవల్యూషన్, ట్రాన్సిషన్ లాంటి మాటలు కనబడతాయి. ఎవల్యూషన్ అంటే లాటిన్‌లో చుట్టిన గ్రంథాన్ని విప్పడం, ముందే రాసిపెట్టింది బయటికి రావడం. డార్విన్ 1859లో వేసిన పుస్తకం మొదటి ముద్రణలో ఆ నామవాచకం ఒక్కసారి కూడా లేదు. చిట్టచివరి మాట మాత్రం ఎవాల్వ్‌డ్. 1872 నాటి ఆరో ముద్రణలో గానీ ఎవల్యూషన్ చేరలేదు. ఆయనంతటివాడు అంత ఆలోచించి వాడిన మాటను కంపెనీలు కుర్చీలు మార్చినప్పుడల్లా వాడేస్తున్నాయి.

అన్నిటికన్నా మనవాళ్ల నోళ్లలో నలిగేది సెటిల్. అబ్బాయి సెటిలయ్యాడా, అమ్మాయి ఎక్కడ సెటిలైంది అని అడుగుతుంటారు. పాత ఇంగ్లీషులో ఈ మాటకు మూలం కూర్చునే పీట. మన పిల్లవాడు హెచ్ వన్ బి వీసా మీద డాలస్‌లో ఉంటాడు. ఉద్యోగం పోతే 60 రోజుల్లో ఇంకోటి వెతుక్కోవాలి, లేదంటే సామాను సర్దుకోవాలి. వాడు సెటిలైనట్టు లెక్క. వాడి అన్న ఇక్కడే మన బజార్లో మోటార్ల షాపు పెట్టుకుని, పొద్దున్నే షట్టర్ ఎత్తి రాత్రి దించుతాడు. వాడింకా సెటిల్ కాలేదట! పీట మీద ఉన్నదెవరో మీరే చెప్పండి. తుంగభద్ర కాలువలు వచ్చాక కోస్తా నుంచి వెళ్లి గంగావతి, సింధనూరు వైపు పొలాలు కొన్న రైతుల ఊళ్లను ఇప్పటికీ క్యాంపులనే పిలుస్తారు. క్యాంపంటే డేరా. మనవలు పుట్టి వాళ్లకీ పెళ్లిళ్లయ్యాయి, ఊరి పేరులోంచి డేరా మాత్రం లేవలేదు.

ఇంగ్లీషునే ఆడిపోసుకుంటున్నానని అనుకోకండి. ఆ భాష నాకు అన్నం పెట్టింది. దాని పక్కన పెట్టి చూసుకున్నాకే నా భాషలో కొన్ని కనబడ్డాయి. బస్సులో కండక్టర్ "లోపలికి జరగండి, జరగండి" అంటాడు. ఆ బస్సే సడన్‌గా బ్రేకేస్తే కిటికీల్లోంచి తలలు పెట్టి "ఏం జరిగింది?" అని అడుగుతాం. రెండుచోట్లా ఒకటే క్రియ. ఇంగ్లీషులో హ్యాపెన్ అనే మాటకు మూలం హ్యాప్, అంటే అదృష్టం, యాదృచ్ఛికం. ఏదో అలా అయిపోయిందన్నమాట. తెలుగులో ఏదైనా జరిగిందంటే ఏదో ఒకటి తన చోటు నుంచి జరిగి ఉండాలి. జరిపిందెవరని అడిగే వీలు క్రియలోనే ఉంది. నడిచే తీరు నడకైతే, బతికే తీరు నడత. ఇది నాకు పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన పదేళ్లకు గానీ తట్టలేదు.

ప్రిన్సిపాల్ గారు గడియారం చూస్తున్నారు, నాకూ అయిదున్నర బండి ఉంది. ఒక్క సంగతి మిగిలింది. ఎక్కేటప్పుడు నేను తూలింది ఎందుకో ఇక్కడ కూర్చుని చూశాను. ఎడమవైపు మెట్లలో మూడోది కదులుతోంది. పట్టా తీసుకోగానే అందరూ ఫొటో కోసం కెమెరా వైపు చూస్తారు. ఆ మెట్టు దగ్గర మాత్రం గౌను కాస్త పైకి పట్టుకుని, కిందికి చూసి దిగండి.