తెర జ్ఞాపకము – పొరుగువాని రహస్యము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఎవరే పుస్తకము గొనిపోయిరో మన గ్రంథాలయపు చిట్టాలో వ్రాయుదురు. అది తిరిగి వచ్చినంతనే పద్దు కొట్టివేయుదురు. పాఠకుడు ఏ పుట చదివి కంట తడి పెట్టెనో ఎవరును వ్రాయరు. అట్టివానిని సైతము వ్రాసియుంచు యంత్రమును గూర్చి నేడు మనవి చేసెదను.

2024 మే 20వ తేదీన మైక్రోసాఫ్ట్ సంస్థ ‘రీకాల్’ అను సౌకర్యమును ప్రకటించెను. కోపైలట్ ప్లస్ తరగతి కంప్యూటర్లలో ఇది కొన్ని సెకండ్ల కొకమారు తెరను చిత్రించి, అందలి అక్షరములను చదివి దాచును. మరచినదానిని వెదకి యిచ్చుట దీని ప్రయోజనము. మరపు మానవ సహజము గనుక దీనిని చులకన చేయరాదు. చిత్రములు ఆ కంప్యూటరులోనే యుండునని సంస్థ చెప్పెను.

అయినను నిపుణులు పరీక్షింపగా, తొలిరూపమున ఆ దస్త్రము తాళము లేని భోషాణమువలె నుండెను. కంప్యూటరులో చొరబడిన దొంగ ప్రోగ్రాము దానిని సులువుగా చదువగలదు. బ్రిటన్ సమాచార కమీషనరు కార్యాలయము సంస్థను వివరణ కోరెను. విమర్శలు పెరుగగా, 2024 జూన్‌లో సంస్థ విడుదలను వాయిదా వేసెను. కోరినవారికే యిచ్చునట్లును, దస్త్రమును గూఢలిపిలో నుంచునట్లును మార్చి, 2025 ఏప్రిల్‌లో విడుదల చేసెను.

తాళము పడినది, చిక్కు తీరలేదు. కంప్యూటరు యజమాని సమ్మతించెను, సరియే. అతనికి ఉత్తరము వ్రాసినవాని సమ్మతి యేది? రోగి వైద్యునకు, కక్షిదారు వకీలునకు వ్రాసిన మాట పంపినవాడు చెరిపినను, అవతలి తెరచిత్రములో నిలిచిపోవచ్చును. ఇందుచేతనే సిగ్నల్ అను సందేశ సాధనము 2025 మేలో తన విండోస్ తెర చిత్రమునకు చిక్కకుండ కట్టుదిట్టము చేసెను. మరియు వ్యాజ్యము వచ్చినచో, దాచిన చిత్రములను దాఖలు చేయుమని న్యాయస్థానము ఆజ్ఞాపింపవచ్చును. లేనిదానిని ఎవరును అడుగరు. ఉన్నదానిని దాచుట నేరమగును.

మన దేశమున 2017 ఆగస్టు 24న తొమ్మండుగురు న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనము గోప్యత ప్రాథమిక హక్కని తీర్పు చెప్పెను. 2023లో వ్యక్తిగత సమాచార రక్షణకు చట్టము వచ్చెను. అయితే వ్యక్తి తన సొంత, గృహావసరములకు చేయు పనికి ఆ చట్టము వర్తింపదు. కావున చట్టము చేరని యింటిలో మర్యాదయే కావలి.

నలుగురు వాడు కంప్యూటరులో ఇట్టి సౌకర్యమును ఆపివేయుడు. ఇతరుల కష్టసుఖములు వ్రాయు పనివారు దానిని తెరువకుందురు గాక. కొత్త యంత్రము కొన్ననాడే సెట్టింగులు చూచుకొనుడు. మనలను నమ్మి చెప్పినవాని మాట మన తెరపై పరుల పాలు కాకుండ చూచుట మన విధి.