గులాబి నీరు, నీలి నీరు
(రజతోత్సవ సభలో ప్రయోగపూర్వకముగా చేసిన ప్రసంగము)

రజతోత్సవ వేదికపై గాజు గొట్టములతో నిలిచినందుకు మన్నింపుడు.

ఈ గులాబి నీరు కోబాల్టు క్లోరైడను లవణమును కరగించినది. ఇందులో గాఢ హైడ్రోక్లోరికామ్లమును కొలదికొలదిగా పోయుచున్నాను. మొదట ఊదా, పిమ్మట నీలము! మంచినీరు చేర్చినచో, ఇదిగో, మరల గులాబి.

నీటిలో ఒక్కొక్క కోబాల్టు అయానును 6 నీటి అణువులు చుట్టుకొని యుండును. ఆ రూపము గులాబి. క్లోరైడులు మిక్కుటమైనచో 4 క్లోరైడులు వాని చోటు నాక్రమించును, అది నీలము. ఈ రెండు మార్పులును ఏకకాలమున జరుగుచునే యుండును. రెండింటి వేగము సమానమైనప్పుడు రంగు నిలిచినట్లగపడును. దీనినే రసాయన సమతాస్థితి యందురు. వచ్చు నీరును పోవు నీరును సమానమైనప్పుడు మన చెరువు మట్టము కదలదు గదా! ఉపమానము పూర్తిగా సరిపోదు; గొట్టములోనికి బయటినుండి ఏమియు వచ్చుటలేదు.

ఇట్టి స్థితికి మార్పు కలిగించినచో అది ఆ మార్పును కొంత తగ్గించు దిశకే జరుగునని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లె షాటెలియే 1884లో చెప్పెను. గులాబి నీలమగుటకు వేడి కావలయును. కనుక వేడిచేసినచో నీలము, చల్లార్చినచో గులాబి.

ఇంత సులభముగా చెప్పుచున్నాను గాని, మొదటిసారి ఒక పాఠశాలలో చూపబోయి నవ్వులపాలైతిని. పలుచని గులాబి నీటిని ఎంత మరిగించినను రంగు మారలేదు. “మంత్రము మరచితివా నాయనా?” అని ఒక పెద్దాయన అడిగెను. లోపము క్లోరైడులు చాలకపోవుట. ముందుగా ఊదా రంగు వచ్చువరకు ఆమ్లము చేర్చవలసియుండెను. ఓటమికంటె ఆ “మంత్రము” అను మాటయే నన్ను బాధించినది. నాడు రంగు మారియున్నను వారు దానిని మంత్రమనియే తలచియుందురు! అందుచేతనే నేడు సీసాలపై పేర్లు వ్రాసి మీ ముందుంచితిని. చదువుడు, తాకవలదు, కోబాల్టు లవణము విషము, ఆమ్లము చర్మమును కాల్చును. మిగిలిన ద్రావణమును కాలువలో పోయక వెంట తీసికొనిపోయెదను.

ఊదా ద్రావణముతో రెండు గొట్టములు నింపితిని. ఒకటి వేడినీటిలో నీలమైనది, ఒకటి మంచులో గులాబియైనది. ముందు వరుస పిల్లలారా, వీనిని తారుమారు చేసినచో ఏమగును? ఎందుకు? మీరు చెప్పిన పిమ్మటనే మార్చెదను.