మన యింటి కుక్క

ఆంధ్ర మహాభారతము చదివినవారికి ఆదిపర్వములోని సరమ కథ జ్ఞాపకముండును. జనమేజయ మహారాజు యాగము చేయుచుండగా సరమ యను దేవశునకము కొడుకు ఆటలాడుకొనుచు అక్కడికి పోయెను. రాజు తమ్ములు దానిని కొట్టిరి. అది యేడ్చుచు పోయి తల్లితో చెప్పుకొనెను. సరమ రాజసభకు వచ్చి, ఏ తప్పును చేయని నా బిడ్డను కొట్టిరి గనుక మీకు అనుకొనని భయము కలుగునని పలికి వెడలిపోయెను. అంత పెద్ద గ్రంథము మొదటనే ఒక కుక్కపిల్ల తినిన దెబ్బ కలదు. చివరి పర్వములకు వచ్చుసరికి ధర్మరాజు తన్ను నమ్మి వెంటవచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానని చెప్పును.

ఈ రెండు కథలను చిన్ననాటినుండి వినియుండియు, మేము ఒక దీపావళినాడు రాజు తమ్ములు చేసిన పనియే చేసితిమి. ఆ సంగతిని, దానివలన మేము నేర్చుకొన్న కొన్ని విషయములను మీతో చెప్పుకొందుము.

మా యిల్లు నాంపల్లి రైలు స్టేషనుకు కొద్ది దూరములో ఒక సందులో నున్నది. రైళ్ల కూతలు, జనవరి ఒకటవ తేదీ రాగానే నుమాయిష్ సందడి మా చెవులకు అలవాటే. ఒక వానకాలపు సాయంకాలము, ఆబిడ్స్‌లో మూసిన దుకాణము మెట్లమీద తడిసి వణకుచున్న ఒక కుక్కపిల్లను పిల్లలు ఇంటికి తెచ్చిరి. అది జాతికుక్క కాదు. గోధుమవన్నె ఒళ్లు, నిక్కిన చెవులు, చివర తెల్లమచ్చగల తోక. మోతీ అని పేరు పెట్టితిమి. రెండేండ్లు అది మాలో ఒకటిగా పెరిగెను.

ఆ దీపావళి రాత్రి సందులో బాణసంచా మ్రోత మిన్నుముట్టెను. మోతీ మంచము క్రింద దూరి మూలకు ఒదిగినది. ఆరేండ్ల మా మనుమడు దానికి మతాబులు చూపింపవలెనని వెనుకకాలు పట్టి లాగెను. అది గుర్రుమన్నది. వాడు నవ్వి మరల లాగెను. ఈ మారు అది వాని చేతిని కరచెను. నెత్తురు చూచి మాకు మతి పోయినది. చేతికి దొరికిన కర్రతో దానిని కొట్టితిమి.

మరునాడు వచ్చిన వారందరిదీ ఒకే సలహా: కరచిన కుక్కను ఇంట నుంచరాదు, మూసీ అవతల ఎక్కడనైన విడిచి రండి. మేమును అందుకు సిద్ధపడితిమి. మా యింటి పెద్దావిడ మాత్రము ఒక్క ప్రశ్న అడిగెను: “కరవకముందు అది ఏమి చెప్పినదో మీలో ఎవరైన విన్నారా?” మాలో ఎవరివద్దను జవాబు లేదు.

మొదట పిల్లవాని గాయము మాట చెప్పవలెను. ఆ రాత్రి మేము చేసిన మంచిపని ఒక్కటే: గాయమును కొళాయి క్రింద నుంచి, సబ్బుతో పదునైదు నిమిషములు కడిగితిమి. పసుపు, కారము, సున్నము, కాఫీపొడి వంటివి గాయముమీద వేయుట కొందరికి అలవాటు. అది హాని. రేబిస్ క్రిములు కుక్క లాలాజలముతో గాయములోనికి వచ్చును. అవి నరములను పట్టుకొని మెదడునకు ప్రాకకమునుపే వానిని కడిగివేయవలెను, టీకా పనిచేయవలెను. వ్యాధి లక్షణములు కనబడిన పిమ్మట బ్రదుకుట దాదాపు లేదు. 1885లో పారిసు నగరములో లూయీ పాశ్చర్ పిచ్చికుక్క కరచిన జోసెఫ్ మైస్టర్ అను బాలునికి టీకా వేసి కాపాడిన నాటినుండి, ఈ మరణము తప్పించుకొనదగిన మరణమైనది.

మరునాటి ప్రొద్దుననే పిల్లవానిని నారాయణగూడలోని ప్రివెంటివ్ మెడిసిన్ సంస్థకు తీసికొనిపోతిమి. బొడ్డు చుట్టు పద్నాలుగు సూదులని పెద్దలు ఇప్పటికిని భయపెట్టుదురు. గొర్రె మెదడునుండి తీసిన ఆ పాత మందును మన దేశములో 2004లోనే మానివేసిరి. ఇప్పటి టీకా చేతికే వేయుదురు, నాలుగైదు మారులతో ముగియును. మొదటి దినము, మూడవ దినము, ఏడవ దినము అని వైద్యుడు తేదీలు వ్రాసి యిచ్చును. నెత్తురు వచ్చిన లోతు గాయమైనచో గాయములోనే మరియొక మందు ఎక్కింతురు. మన యింటి కుక్కయే గదా, టీకా వేయించినదే గదా యని వైద్యుని చూడక మానరాదు. కరచిన కుక్కను పది దినములు కనిపెట్టి చూడవలెను. అది ఆరోగ్యముగా నున్నచో తక్కిన సూదుల సంగతి వైద్యుడే నిర్ణయించును. ఈ పది దినముల గడువే మోతీని ఆ వారము మా యింట నిలిపినది. విడిచివచ్చినచో చూచు టెట్లు?

ఆ పది దినములలో మాకు తెలిసిన పశువైద్యుడొకరు వచ్చి కుక్క భాషను మాకు నేర్పిరి. కుక్కకు మాట లేదు గాని భాష కలదు. ముఖము ప్రక్కకు త్రిప్పుకొనుట, నిద్ర రాకయే ఆవులించుట, తిండి లేకయే పెదవులు నాకుకొనుట, చెవులు వెనుకకు వాల్చి తోకను కాళ్ల నడుమ దాచుట, ఇవన్నియు ‘నాకు భయముగా నున్నది, దూరముగా నుండుడు’ అను మాటలే. ఆ మాట విననిచో ఒళ్లు బిగబట్టి కదలక నిలుచును. అదియు విననిచో గుర్రుమనును. కాటు చివరి మాట.

కాబట్టి గుర్రుమన్న కుక్కను కొట్టరాదు. కొట్టినచో భయము పోదు, గుర్రుమనుట మాత్రము పోవును. అట్టి కుక్క మరియొకనాడు హెచ్చరిక లేకుండ కరచును. మొరిగే కుక్క కరవదను సామెతను నమ్మి చేయి చాపుటయు తెలివి కాదు. భయముతో మొరుగు కుక్క మూలకు చిక్కినచో తప్పక కరచును. తోక ఊపినంత మాత్రమున స్నేహమనియు అనుకొనరాదు. ఒళ్లంతయు వదులుగా నుంచి వెడల్పుగా ఊపుట ఒకటి, తోకను నిక్కబొడిచి బిగువుగా కదలించుట వేరొకటి.

ఇంకొక పొరపాటు తలపు కలదు. ఇంట చెప్పు కొరికిన కుక్క మనలను చూచి తల వంచుకొనగా, ‘తప్పు చేసినట్లు దానికి తెలియును’ అందుము. 2009లో అమెరికాలో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అను శాస్త్రజ్ఞురాలు దీనిని పరీక్షించిరి. కుక్క తప్పు చేసినను చేయకున్నను, యజమాని కసరినప్పుడే ఆ ముఖము కనబడినది. ఏ తప్పు చేయక కసరులు తినిన కుక్కలలోను అది కనబడెను. అనగా అది పశ్చాత్తాపము కాదు, మన కోపమును చూచిన బెదురు. గంట క్రిందటి పనికి ఇప్పుడు కొట్టినచో, దేనికి కొట్టితిరో దానికి తెలియనే తెలియదు. సరమ బిడ్డ గతియే దానిది.

మరి నేర్పుట యెట్లు? మంచిపని చేసిన ఆ క్షణముననే మెచ్చుకొనుటయే మార్గము. కుక్కపిల్ల నిద్ర లేవగానే, తిన్నవెంటనే, ఆడిన పిమ్మట ఒకే చోటికి తీసికొనిపోవలెను. అక్కడ పని కాగానే ఒక చిన్న ముక్క పెట్టి, మెల్లగా పొగడవలెను. ఇంటిలో తప్పినచో మాటలాడక శుభ్రము చేయవలెను. ముక్కును అందులో రాయుట క్రూరము, నిష్ప్రయోజనము. నాలుగవ నెల మొదలు పాలపండ్లు ఊడి కొత్తపండ్లు వచ్చునప్పుడు కనబడినదెల్ల కొరుకును. చెప్పులను అందకుండ నుంచి, కొరుకుటకు తగిన గట్టి రబ్బరు బొమ్మ నీయవలెను.

కుక్కపిల్లను ఎనిమిది వారములు నిండకముందు తల్లినుండి వేరుచేయరాదు. తల్లి, తోబుట్టువుల నడుమనే అది ఎంత గట్టిగా కొరుకవచ్చునో నేర్చుకొనును. మూడవ వారమునుండి మూడవ నెల వరకు చూచిన మనుష్యులు, విన్న ధ్వనులు దానికి జీవితమంతయు చుట్టములుగా నుండును. అమెరికాలో స్కాట్, ఫుల్లర్ అను ఇరువురు చాలకాలము పరిశోధించి 1965లో ప్రకటించిన గ్రంథములో ఈ సంగతి కలదు. టీకాలు పూర్తికాలేదని చీకటిగదిలో నుంచరాదు. చంకనెత్తుకొని స్టేషను ముందు, ఆబిడ్స్ కూడలిలో కొంచెముసేపు నిలిచినను చాలును. మోతీకి రైలు కూత భయము లేదు. కాని బాణసంచా మ్రోతను మేము దానికి మెల్లగా అలవాటు చేయలేదు.

ఆరోగ్యము మాట. ఆరవ వారము మొదలు పార్వో, డిస్టెంపర్ జబ్బులకు టీకాలు వరుసగా వేయింపవలెను. మూడవ నెలలో రేబిస్ టీకా, పిమ్మట ఏటేట వైద్యుడు చెప్పినట్లు. ఏలిక పాములకు మందు మరువరాదు. గోమారి పురుగులు చెవులలోను వ్రేళ్ల సందులలోను చేరును. వానివలన వచ్చు జ్వరము మన యూరి కుక్కలను చాల కృశింపజేయును. తినుట మాని, చిగుళ్లు పాలిపోయినచో ఆలసింపరాదు.

తిండి విషయమున మన యిండ్లలో పెరుగన్నముతో సరిపెట్టుట కలదు. అది చాలదు. ఉడికించిన గ్రుడ్డు, ఎముక తీసిన మాంసము దానికి బలము. వండిన కోడి యెముక ముక్కలై ప్రేగును చీల్చును. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్, ద్రాక్ష కుక్కకు విషములు. ఇరానీ హోటలు ముందు నిలిచి ఉస్మానియా బిస్కెట్టు విసరుట మనకు సరదా గాని దానికి ఆహారము కాదు.

వేసవి మాట ప్రత్యేకముగా చెప్పవలెను. కుక్కకు ఒళ్లంతయు చెమట పట్టదు, నాలుక చాచి రొప్పుటయే దాని చల్లదనము. ఏప్రిల్, మే నెలలలో పట్టపగలు తారురోడ్డుమీద నడిపించినచో పాదములు కాలును. మన అరచేతి వెనుకభాగమును రోడ్డుమీద ఐదారు క్షణములు ఆనించలేనిచో అది కుక్కకును తగదు. వడదెబ్బ తగిలి తూలినచో నీడకు చేర్చి, ఒంటిమీద చల్లని నీరు పోసి, విసరుచు, వైద్యుని యొద్దకు తీసికొనిపోవలెను. మంచుదేశపు బొచ్చుకుక్కను ముచ్చటపడి కొని మిద్దెమీద కట్టివేయువారు ఈ మాట ఆలోచింతురు గాక.

ఇక విడిచివచ్చు మాట. 2023 ఫిబ్రవరిలో మన నగరములోని అంబర్‌పేటలో వీధికుక్కల గుంపు నాలుగేండ్ల పసివానిని పొట్టనబెట్టుకొన్న సంగతి ఎవరును మరువలేదు. ఆ భయము నిజమైన భయము. వీధికుక్కలకు సంతానము కలుగకుండ శస్త్రచికిత్స, రేబిస్ టీకా చేయవలెనని ఆ సంవత్సరమే కేంద్రప్రభుత్వము క్రొత్త నియమములు ప్రకటించెను. అది నగరపాలక సంస్థ చేయవలసిన పని. మన వంతు పని మన కుక్కకు చికిత్స, టీకా చేయించుట, నగరపాలక సంస్థలో నమోదు చేయించుట, వీధిలో త్రాడు లేక విడువకుండుట. కరచు కుక్కను మూసీ అవతల విడిచినచో కాటు తగ్గదు, అవతలి వారి బిడ్డకు మారును. ఆకలికి గురియగునట్లు పెంపుడు జంతువును విడిచిపెట్టుట 1960 నాటి జంతు హింసా నివారణ చట్టము ప్రకారము నేరము గూడ.

పది దినములు గడచినవి. మోతీ ఆరోగ్యముగా నుండెను. మనుమని గాయము మానెను. మేము మోతీని విడువలేదు. పిల్లలకు మూడు నియమములు నేర్పితిమి: తినుచున్న కుక్కను, నిద్రించు కుక్కను, దాగిన కుక్కను ముట్టరాదు. తెలియని కుక్క ఎదురైనప్పుడు పరుగెత్తక, చేతులు దింపుకొని చెట్టువలె నిలువవలెను. పెద్దలకు గూడ ఒక నియమము పెట్టుకొంటిమి: చిన్నబిడ్డను, కుక్కను ఒంటరిగా ఒకచోట విడువరాదు.

మరుసటి దీపావళినాడు ప్రొద్దు క్రుంకకముందే మోతీని బయట తిప్పి, తిండి పెట్టి, లోపలిగదిలో కిటికీలు మూసి, రేడియోను మెల్లగా పెట్టితిమి. అది మంచము క్రిందికే పోయినది. పోనిచ్చితిమి. మనుమడు గడపవద్దనే కూర్చుండి, ఎవరును లోనికి పోకుండ కాపలా కాచెను. దాని వణకు పూర్తిగా పోలేదు. అర్ధరాత్రి దాటి మ్రోత అణగిన పిమ్మట అదియే బయటికి వచ్చి, వాని చేతిని ఒకమారు వాసన చూచి, ప్రక్కనే పండుకొన్నది. ఆ చేతిమీద కాటు మచ్చ ఇంకను ఉన్నది.