పాదువాపురిలో నా విద్యార్థి జీవితం

(మేత్రాసన శతజయంతి ఉత్సవాల సందర్భంగా యువజన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



ఇటలీలో చదువుకొని వచ్చాడు గనుక నాలుగు మాటలు చెప్పమని ఫాదర్ గారు నన్ను ఇక్కడ నిలబెట్టారు. నేను వక్తను కాను. కృష్ణా డెల్టాలో రెండున్నర ఎకరాల రైతు కొడుకును. తిరిగి వచ్చిన నాటినుండి అందరూ నన్ను రెండే ప్రశ్నలు అడుగుతున్నారు. రోములో పాపుగారిని చూశావా అన్నది ఒకటి. మొత్తం ఎంత ఖర్చయింది అన్నది రెండవది. మొదటిదానికి జవాబు తేలిక. రెండేళ్ళలో రెండుసార్లు రోముకు వెళ్ళాను, రెండుసార్లూ ఆయనను దూరంనుండే చూశాను. రెండవదానికి జవాబే ఈనాటి నా ప్రసంగం.

నేను ఉన్నది రోములో కాదు, పాదోవాలో. మనం తరతరాలుగా పాదువాపురి అని పిలుచుకొంటున్న ఊరు ఇదే. మంగళవారం నవదిన ప్రార్థనల్లో చిన్నప్పటినుండి ఆ పేరు వింటూ పెరిగాను కాని, అది బస్సులూ సైకిళ్ళూ అద్దె ఇళ్ళూ ఉన్న ఊరని ఎన్నడూ అనుకోలేదు. వెనీసుకు పడమరగా సుమారు నలభై కిలోమీటర్ల దూరంలో, రెండు లక్షల పైచిలుకు జనాభాతో ఉన్న పట్టణం అది. అక్కడి విశ్వవిద్యాలయం 1222లో పుట్టింది. గెలీలియో 1592 నుండి 1610 వరకు పద్దెనిమిదేళ్ళు అక్కడ పాఠాలు చెప్పాడు. వైద్య విద్యార్థుల కోసం 1545లో వేసిన మూలికల తోట నేటికీ ఉంది. ఆ ఊరి గురించి అక్కడివారు సరదాగా ఒక మాట అంటారు: తలుపులు లేని కాఫీహోటలు, గడ్డి లేని మైదానం, పేరు లేని పునీతుడు. కాఫీహోటలు ఒకప్పుడు రాత్రింబగళ్ళు తెరిచే ఉండేదట. మైదానంలో ఇప్పుడు గడ్డి బాగానే ఉంది. ఇక పునీతుడంటే మన అంతోనివారే. పాదోవాలో ‘ఇల్ శాంతో’, అంటే ‘ఆ పునీతుడు’, అంటే చాలు, పేరు చెప్పనక్కరలేదు. ఆయన కూడా ఆ ఊరివాడు కాదు, లిస్బన్‌లో పుట్టి వచ్చిన పరదేశి అని తెలిసినప్పుడు నాకు కొంత ధైర్యం కలిగింది.

2016 సెప్టెంబరు నెలాఖరున అక్కడ దిగాను. చదువు వ్యవసాయ శాస్త్రంలో రెండేళ్ళ ఎం.ఎస్సీ., ఇంగ్లీషు మాధ్యమం. నాన్నగారు ఎకరం పొలం తాకట్టు పెట్టి నన్ను పంపారు. అప్పుడు యూరో డెబ్బై రూపాయల పైచిలుకు ఉండేది. కాఫీ తాగినా మనసులో లెక్క కట్టుకొనేవాడిని.

వెళ్ళదలచిన పిల్లలకు పనికివస్తాయని కొన్ని సంగతులు చెబుతాను. ఇటలీలో దిగిన ఎనిమిది పనిదినాలలోపు నివాస అనుమతికి దరఖాస్తు పెట్టాలి. ఆ కాగితాలు పోస్టాఫీసులోనే ఇస్తారు, అక్కడే తీసుకొంటారు. ఆ రసీదును ప్రాణంలా దాచుకోవాలి; అసలు కార్డు చేతికి వచ్చేవరకు అదే ఆధారం. పదహారు అక్షరాలూ అంకెలూ కలిసిన పన్ను సంఖ్య ఒకటి ఉంటుంది. అది లేనిదే ఇల్లు అద్దెకు తీసుకోలేము. కుటుంబ ఆదాయం తక్కువైన విద్యార్థులకు ఉపకార వేతనం ఉంది, విదేశీయులకు కూడా ఇస్తారు. అయితే ఆదాయం, ఆస్తి, కుటుంబ సభ్యుల పత్రాలు ఇక్కడ మన ఆఫీసుల్లో తీసుకొని, అపోస్టీల్ ముద్ర వేయించి, ఇటాలియన్ భాషలోకి అనువాదం చేయించాలి. విమానం టిక్కెట్టు కొన్న తరువాత గుర్తొస్తే ఆలస్యమైపోతుంది. నేను ఇవన్నీ ముందే సిద్ధం చేసుకొన్నాను గనుక ఏడాదికి సుమారు ఐదువేల యూరోల సహాయం మంజూరైంది.

కాని గది విషయంలో మోసపోయాను. చూడకుండానే ఒక మధ్యవర్తికి అడ్వాన్సు పంపాను. వెళ్ళేసరికి ఆ గదీ లేదు, ఆ మనిషీ లేడు. వారం రోజులు తోటి విద్యార్థుల గదిలో నేలమీద పడుకొన్నాను. చివరకు వృద్ధాశ్రమంలో సేవచేసే ఒక కేరళ సిస్టరుగారు దారి చూపారు. ఎనభయ్యో పడిలో అడుగుపెడుతున్న ఒక విధవరాలు తన ఇంట్లో ఒక గది అద్దెకిస్తానన్నారు. షరతులు మూడు: రాత్రి పది దాటాక చప్పుడు చేయకూడదు, నూనెలో తాలింపు వేసేటప్పుడు కిటికీ తెరవాలి, రాత్రి భోజనం ఒంటరిగా చేయకూడదు. మూడవ షరతు నాకు అర్థం కాలేదు. ఆమెకు ఒంటరిగా తినడం ఇష్టంలేదన్న మాట.

మా దినచర్య ఇలా ఉండేది. ఉదయం పాలు కలిపిన కాఫీ, ఒక తీపి రొట్టె. అంతకుమించి వారికి ఉదయాహారం లేదు. మా వ్యవసాయ కళాశాల ఊరికి దూరంగా లెన్యారో అనే గ్రామంలో ఉంది. బస్‌స్టాండు దాకా సైకిలు, అక్కడినుండి బస్సు. చలికాలంలో పొగమంచు పట్టిందంటే ముందున్న సైకిలు దీపం తప్ప మనిషి కనిపించడు. తరగతి చెప్పిన సమయానికి పావుగంట తరువాత మొదలవుతుంది. అది ఆలస్యం కాదు, అక్కడి ఆనవాయితీ. మధ్యాహ్నం విద్యార్థుల భోజనశాలలో మొదట పాస్తానో అన్నమో, తరువాత మాంసమో చేపో, పక్కన కూర, రొట్టె, పండు. అన్నీ ఒకేసారి కలిపి తిన్నవాణ్ణి నేనొక్కడినే. మధ్యాహ్నం భోజనం తరువాత నేను పాలకాఫీ అడిగితే హోటలతను నాకు ఒంట్లో బాగాలేదేమోనని చూశాడు. చిన్న దుకాణాలు మధ్యాహ్నం మూసి సాయంత్రం తెరుస్తారు. ఆగస్టు 15న దేశమంతా సెలవే. మరియమాత మోక్షారోపణ పండుగ వారికి, నాకు దానితోపాటు స్వాతంత్ర్య దినం కూడా.

భాష సంగతి. వారి మాటలు కూడా మన మాటల్లాగే అచ్చులతో ముగుస్తాయి. ఒత్తులు పలకడంలో తెలుగువారికి ఇబ్బంది లేదు. ‘పెన్నా’ అంటే కలం, ‘పేనా’ అంటే బాధ. ఈ తేడా పలకలేక ఇతర దేశాల మిత్రులు తంటాలు పడుతుంటే నాకు సులువుగా వచ్చేది. మా ఇంటామెకు ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు గనుక ఆరు నెలలకే వంటింటి ఇటాలియన్ వచ్చేసింది. మొదట ఆమెను ‘సిన్యోరా’ అనేవాడిని. తరువాత ఆమే ‘నోన్నా’ అనమన్నారు. అంటే అమ్మమ్మ.

ఇక అసలు కష్టం పరీక్షలు. అక్కడ చాలా పరీక్షలు నోటితో చెప్పేవే. గురువుగారు ఎదురుగా కూర్చుంటారు, వెనుక తోటి విద్యార్థులు వింటూ ఉంటారు. మార్కులు ముప్పైకి, పద్దెనిమిది వస్తే ఉత్తీర్ణత. తప్పితే మళ్ళీ వచ్చే విడతలో కూర్చోవచ్చు. వినడానికి సుఖంగానే ఉంది. కాని ఉపకార వేతనానికి నియమం ఉంది: మొదటి ఏడాది ఆగస్టు 10లోపు కనీసం 20 క్రెడిట్లు సంపాదించాలి. లేకపోతే రెండవ వాయిదా రాదు. నవంబరు నెలాఖరుకు కూడా రాకపోతే తీసుకొన్న మొదటి వాయిదా కూడా తిరిగి కట్టాలి.

నేల, నీటి యాజమాన్యం అన్న పాఠ్యాంశానికి తొమ్మిది క్రెడిట్లు. ఫిబ్రవరిలో పరీక్షకు వెళ్ళాను. నోట్సంతా కంఠస్థం. వరి మడిలో నీరు నిలిస్తే నేలలో ఏం జరుగుతుందని అడిగారు. గడగడ అప్పజెప్పాను. గురువుగారు చేయి ఎత్తి ఆపి, “అది సరే, మీ ఊళ్ళో మడిలో నీళ్ళెందుకు పెడతారు?” అని మెల్లగా అడిగారు. నేను నోరు తెరవలేకపోయాను. పుట్టినప్పటినుండి చూస్తున్న మడి! అది నోట్సులో లేదు. “మళ్ళీ రండి” అన్నారు. జూన్‌లో మళ్ళీ వెళ్ళాను. ఈసారి భయం తోడైంది, మళ్ళీ తప్పాను. అప్పటికి నా చేతిలో ఉన్నవి 12 క్రెడిట్లు. జూలై విడత ఒక్కటే మిగిలింది. ఇంటికి ఫోను చేసినప్పుడు అంతా బాగుందన్నాను. అమ్మ నమ్మింది. నాన్నగారు మాత్రం, “డబ్బు సంగతి నువ్వు చూడకు, చదువు చూడు” అన్నారు. అంటే ఆయనకు అర్థమైందన్న మాట. ఆ మాట ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు.

మరునాడు భోజనం దగ్గర నోన్నా అడిగారు, ఎందుకు తినడంలేదని. వచ్చీరాని భాషలో చెప్పాను. “అయితే ఆ పాఠం నాకు చెప్పు” అన్నారు. అక్కడి పిల్లలు గదిలో అటూ ఇటూ తిరుగుతూ, ఎవరో ఒకరికి పాఠం పైకి చెబుతూ చదువుతారు. మనలా గొణుగుతూ కాదు. సరేనని మొదలుపెట్టాను. వరి అనగానే ఆమె గరిటె పక్కన పెట్టారు.

పదహారేళ్ళ వయసులో, 1953లో, ఆమె వేర్చెల్లి ప్రాంతంలో వరి కలుపు కూలీగా వెళ్ళారట. ఆ కాలంలో ఆ చుట్టుపక్కల బీద కుటుంబాల ఆడపిల్లలు రైళ్ళలో అక్కడికి వెళ్ళేవారు. నలభై రోజులు మోకాళ్ళలోతు నీళ్ళలో నడుము వంచి పని. కూలి డబ్బుతోపాటు రోజుకు కిలో బియ్యం. ఆ బియ్యంతోనే వారింట్లో చలికాలం గడిచేది. ఆమె అన్నగారు బెల్జియం బొగ్గుగనులకు వలస వెళ్ళారు. ఈనాడు ఐరోపా సమాఖ్యలో అందరికంటే ఎక్కువ వరి పండించే దేశం ఇటలీయే. కాని నా ఎదుట కూర్చున్న ఆ ముసలమ్మకు, మా అమ్మకు నడుము నొప్పి ఒకే చోట.

“అక్కడ నీళ్ళెందుకు పెట్టేవారు?” అని నేనే అడిగాను. “చలికి. తెల్లవారుజామున గాలికి వణికేవాళ్ళం, కాళ్ళు నీళ్ళలో పెడితే కాస్త వెచ్చన. మొక్కకూ అంతే” అన్నారు. అప్పుడు నాకు తలుపు తెరిచినట్లయింది. అక్కడ వసంతంలో విత్తుతారు, రాత్రుళ్ళు చల్లన. పగటి ఎండ వేడిని నీరు దాచుకొని రాత్రి లేత మొక్కకు దుప్పటిలా కప్పుతుంది. మనకు వేడికి కొదవలేదు. మనం నీరు నిలిపేది ముఖ్యంగా కలుపు లేవకుండా. ఒకే నీరు, రెండు దేశాల్లో రెండు పనులు. మరి ఆ నీటి కింద నేలకు గాలి అందదు. వేసిన నత్రజనిలో కొంత ఆవిరైపోతుంది, మీథేన్ వాయువు పుడుతుంది. అందుకే మధ్యలో మడి ఆరగట్టడం మంచిదని ఇప్పుడు చెబుతున్నారు. నాన్నగారు పిలకల దశలో నీరు తీసివేయడం నేను ఎన్నిసార్లు చూడలేదు!

మూడు వారాలు ప్రతి రాత్రి ఆమెకు పాఠం చెప్పాను. అర్థంకాకపోతే “పెర్కే?” అనేవారు. అంటే ‘ఎందుకు?’ అని. ఆమెకు అర్థమయ్యేలా చెప్పలేకపోతే నాకు రాలేదన్న మాటే.

పరీక్షకు ముందురోజు అంతోనివారి మహాదేవాలయానికి వెళ్ళాను. అక్కడ ఆయన నాలుకను భద్రపరిచి ఉంచారు. 1231లో మరణించిన ఆయన సమాధిని 1263లో తెరిచినప్పుడు నాలుక చెడిపోకుండా ఉన్నదట. నోటి పరీక్షకు పోయేవాడు ఇంకెక్కడికి పోతాడు! అయితే ఒక్కమాట నిజంగా చెబుతున్నాను. ఆ రోజు నేను మార్కులు అడగలేదు. నాకు తెలిసింది చెప్పే ధైర్యం ఇమ్మని అడిగాను.

గురువుగారు అదే ప్రశ్న అడిగారు. ఈసారి నోట్సు చెప్పలేదు. మా ఊరి మడి చెప్పాను, వేర్చెల్లి మడి చెప్పాను, రెంటికీ తేడా చెప్పాను. ఇరవై నాలుగు వేశారు. గొప్ప మార్కు కాదు. కాని 12కు 9 కలిపితే 21. ఉపకార వేతనం నిలిచింది, నాన్నగారు రెండవ ఎకరం జోలికి పోనక్కరలేకపోయింది.

2018 చివర పట్టా అందుకొన్నాను. అక్కడ పట్టా వచ్చినవారి తలకు లారెల్ ఆకుల కిరీటం పెడతారు. మా అమ్మానాన్నలు రాలేరు గనుక నోన్నా వచ్చి పెట్టారు. ఇక్కడున్న చెల్లెళ్ళకు ఒక సంగతి చెప్పాలి. లోకంలో డాక్టరు పట్టా పొందిన తొలి మహిళగా పేరుపొందిన ఎలెనా కోర్నారో పిస్కోపియా, 1678 జూన్ 25న ఆ ఊళ్ళోనే దానిని అందుకొన్నారు. మొదట వేదాంతశాస్త్రంలో కోరితే, స్త్రీకి తగదని ఆనాటి మేత్రాణులు ఒప్పుకోలేదు, తత్త్వశాస్త్రంలో ఇచ్చారు. ఆమె ఆ కాదన్న మాట దగ్గర ఆగిపోలేదు. మీరూ ఆగకండి.

తల్లిదండ్రులకు నా మనవి. పిల్లలను పంపండి, కాని తాకట్టు పెట్టేముందు కాగితాలు, నియమాలు, గడువులు వారితో కూర్చొని చదవండి. కష్టం వస్తే దాచకుండా చెప్పమని ముందే మాట తీసుకోండి. నేను దాచిన ఆ ఐదు నెలలు నాకు పరీక్షకంటే బరువయ్యాయి. తమ్ముళ్ళకు నా మనవి. కంఠస్థం చేసింది పరాయి ఊళ్ళో పనికిరాదు. మన చేలో చూసింది పనికివస్తుంది.

ఎంత ఖర్చయిందన్న ప్రశ్నకు జవాబు బాకీ ఉంది. ఎకరం పొలం, ఐదేళ్ళు. 2021లో తాకట్టు విడిపించాము. ఆ సాయంత్రం నోన్నాకు ఫోను చేసి చెప్పాను. చాలాసేపు సంతోషపడి, “ఈ యేడు దానిలో నీళ్ళు ఎంత లోతు పెట్టారు?” అని అడిగారు. నాకు తెలియదు. నాన్నగారిని పిలిచి అడిగి చెప్పాను.