ఎండలో గోల్ఫ్ చూడబోయే ఆడపిల్లకు ఏ బట్ట?

(సమాఖ్య వార్షికోత్సవంలో మహిళల సమావేశంలో చేసిన ప్రసంగం)



ఆడవాళ్లకు పనికొచ్చే మాట ఏదైనా చెప్పండి అని కార్యవర్గంవారు అడిగారు. మేము తీసుకున్న విషయం వింటే మీకు నవ్వొస్తుంది. ఎండాకాలంలో గోల్ఫ్ పోటీ చూడ్డానికి వెళ్లే ఆడవాళ్లు ఏమి కట్టుకోవాలి, ఏమి తొడుక్కోవాలి అనేదే విషయం. గుంట మగ్గంలో కాళ్లు పెట్టుకొని బతికేవాళ్లకు గోల్ఫ్ ఎందుకయ్యా సెక్రటరీ అంటారు. ఎందుకో చెబుతాము. ఇందులో మా సంఘం చేసిన ఒక తప్పు కూడా ఉంది. అది మీ ముందు ఒప్పుకోవడానికే ఈ విషయం ఎత్తుకున్నాము.

గోల్ఫ్ ఆట మేము మైదానంలో ఎన్నడూ చూడలేదు. 2021 ఆగస్టులో టోక్యో ఒలింపిక్స్ అప్పుడు మాత్రం టీవీ ముందు కూర్చున్నాము. బెంగళూరు అమ్మాయి అదితి అశోక్ ఒక్క దెబ్బ తేడాలో కంచు పతకం పోగొట్టుకొని నాలుగో స్థానంలో నిలిచింది. ఆట తెలియని ముసలమ్మలు కూడా ఆ రోజు అయ్యో అన్నారు. గోల్ఫ్‌తో మా పరిచయం అంతవరకే.

నిరుడు, అంటే 2025 జూన్‌లో, అమెరికాలో టెక్సాస్ రాష్ట్రం ఫ్రిస్కో ఊళ్లో ఆడవాళ్ల గోల్ఫ్ పెద్ద పోటీ జరిగింది. కేపీఎంజీ విమెన్స్ పీజీఏ ఛాంపియన్‌షిప్ అని దాని పేరు. ఫ్రిస్కో అంటే మీలో చాలామందికి తెలుసు. డాలస్ పక్క ఊరు, మన తెలుగువాళ్లు బాగా ఉన్నచోటు. మా సంఘం నేతగాళ్లలో ఒకరి కూతురు అక్కడే ఉద్యోగం చేస్తోంది. ఆఫీసు స్నేహితులతో పోటీ చూడ్డానికి టికెట్టు తీసుకుంది. పోటీకి నెల ముందు ఫోన్ చేసింది.

"సెక్రటరీ మామా, పొద్దుటినుంచి సాయంత్రం దాకా ఎండలో నడవాలంట. అందరూ ఏవేవో కొంటున్నారు. నేను మన బట్ట వేసుకోవాలనుకుంటున్నాను. మా నాన్న నేసిందే పంపించండి. కుర్తాకి సరిపోయేది."

మాకు ఎంత సంతోషమైందో చెప్పలేము. ఇన్నాళ్లూ మన పిల్లలు పెళ్లికి పట్టుచీర, మిగతా రోజుల్లో దుకాణంలో పాలిస్టర్ అన్నట్టుగా ఉన్నారు. ఎండలో నిలబడే చోటుకి మన బట్ట అడిగిన పిల్ల ఈమె ఒక్కతే. వెంటనే సరే అన్నాము.

ఆ తర్వాత ఆ ఆట చూసేవాళ్ల సంగతేమిటో అమ్మాయినే అడిగి తెలుసుకున్నాము. క్రికెట్ మాదిరి ఒకచోట కూర్చొని చూసే ఆట కాదు. మొత్తం 18 గుంతలు. ఒక ఆటగత్తె వెంట మొదటి గుంత నుంచి చివరి గుంత దాకా పోతే ఏడెనిమిది కిలోమీటర్ల నడక. గడ్డి మీద, ఎత్తు పల్లాల మీద నడవాలి. టెక్సాస్‌లో జూన్ అంటే మన మే నెల ఎండే, 35 డిగ్రీల దాకా పోతుంది. గాలి కూడా బలంగా కొడుతుంది. ఆటగత్తె బంతి కొట్టేటప్పుడు చుట్టూ ఉన్నవాళ్లు కదలకూడదు, చప్పుడు చేయకూడదు. అక్కడి మనుషులు చెయ్యెత్తి నిశ్శబ్దం అని సైగ చేస్తారు.

ఇవి విన్నాక బట్ట సంగతి మాకే అర్థమైంది. ఎండ, నడక, చెమట, గాలి, నిశ్శబ్దం, ఈ అయిదింటికీ తగిన బట్ట కావాలి. 80 నంబరు నూలు పడుగు, 80 నంబరు పేక, మెరూన్ రంగు, అంచుకు సన్నగీత. అమ్మాయి తండ్రే నేశాడు. నేత మంచిగా వచ్చింది. పార్సిల్ పంపించాము.

పోటీ గురువారం 19న మొదలై ఆదివారం 22న ముగిసింది. అమ్మాయి శుక్రవారం మన కుర్తా వేసుకొని వెళ్లింది. రాత్రి ఫోన్ చేసింది. గొంతు బాగాలేదు.

"మామా, బట్ట చల్లగా ఉంది. పాలిస్టర్ వేసుకొచ్చినవాళ్లు వీపుకి అతుక్కుపోయి అవస్థ పడ్డారు, నేను హాయిగా నడిచాను. మా నాన్న నేశాడని అందరికీ చెప్పుకున్నాను కూడా. మధ్యాహ్నం దాటాక భుజం మీది సంచి తెల్లపట్టీ ఎర్రగా అయిపోయింది. మెడ కింద కూడా ఎరుపు. పక్కనున్న ఆమె రక్తమేమో అని కంగారుపడి పిలిచింది. అందరూ తిరిగి చూశారు. రంగు పోయిందని చెప్పుకోవడానికి నాకు సిగ్గేసింది."

అమ్మా, ఆ తప్పు నేతది కాదు. ఆ తండ్రిది అంతకన్నా కాదు. అద్దకం మా సంఘం చేయించింది. నాప్తాల్ ఎరుపు అద్దిన తర్వాత నూలును సబ్బునీళ్లలో ఉడికించి, నూలు పైన మిగిలిన రంగునంతా వదిలించాలి. అది చేయకపోతే బట్ట కొత్తలో బ్రహ్మాండంగా కనపడుతుంది. చెమట తగిలి, ఏదైనా పట్టీ రాసుకుంటే రంగు అంటుతుంది. పార్సిల్ తొందరలో, కట్టెల ఖర్చు చూసుకొని, ఆ ఉడకబెట్టడం వద్దులే అన్నది మేమే. తండ్రి మూడు వారాలు కష్టపడి నేసిన బట్టకు ఒక పూట పని మిగిల్చుకొని మచ్చ తెచ్చాము. ఆయన ముఖం చూడలేకపోయాము. ఆయన ఒక్క మాట కూడా అనలేదు. అదే మాకు ఎక్కువ బాధ.

ఈ రంగు పోవడం గురించి పాత కథ ఒకటి ఉంది. మద్రాసు గళ్ల బట్ట అంటే ఒకప్పుడు అమెరికా క్లబ్బుల్లో వేసవి చొక్కాలకు పెద్ద పేరు. 1958లో న్యూయార్క్ వ్యాపారి ఒకాయన కెప్టెన్ కృష్ణన్ నాయర్ దగ్గర, అంటే తర్వాత లీలా హోటళ్లు పెట్టినాయన దగ్గర, ఆ బట్ట కొన్నాడు. చల్లనీళ్లలో మెల్లగా ఉతకాలి, రంగు పోతుంది అని నాయర్ ముందే చెప్పాడంట. ఆ మాట కొన్నవాళ్లదాకా చేరలేదు. బ్రూక్స్ బ్రదర్స్ దుకాణంలో అమ్మిన బట్టలు ఉతికితే రంగు వదిలి గోల అయింది. చివరికి రంగు వదలడమే దీని గొప్ప, ఉతికేకొద్దీ కొత్త రూపం వస్తుంది అని ప్రచారం చేసి అమ్ముకున్నారని చెబుతారు.

తెలివిగా చేశారు, కాదనము. ఆ తెలివి మనకు మళ్లీ పనికిరాదు. ఉతికితే రంగు మారే చొక్కా వేరు, నలుగురిలో నిలబడ్డ ఆడపిల్ల మెడకు ఎరుపు అంటడం వేరు. ఆ కథలో మనం నేర్చుకోవాల్సింది మొదటి మాటే. బట్ట గుణం ఏదైనా కొన్నవాళ్లకు ముందే చెప్పాలి. మేము చెప్పలేదు.

అమ్మాయి ఆదివారం మళ్లీ వెళ్లింది. ఈసారి అక్కడ కొన్నది వేసుకుంటుందేమో అనుకున్నాము. కాదు. ఇంట్లో ఉన్న వాళ్లమ్మ పాత నూలు చీర, పదేళ్లు ఉతికి ఉతికి మెత్తబడ్డ లేత నీలం చీర, దాన్ని శనివారం కుట్టించుకొని పొడుగు చేతుల కుర్తాగా వేసుకుంది. ఆ రోజు ఆస్ట్రేలియా అమ్మాయి మిన్‌జీ లీ గెలిచింది. మన అమ్మాయి సాయంత్రం దాకా నిలబడి చూసింది. రంగు పోలేదు, ఒళ్లు మండలేదు. "పాతబట్టే గెలిచింది మామా" అంది. మమ్మల్ని దెప్పడానికి అనలేదు గానీ మాకు బాగానే తగిలింది.

ఆ రెండు రోజుల్లో ఆమె చూసింది, మాకు తెలిసింది కలిపి మీకు చెబుతాము. గోల్ఫ్‌కే కాదు, తిరణాళ్లకు, పిల్లల ఆటల పోటీలకు, ఎండలో నిలబడే ఏ చోటికైనా ఇదే లెక్క.

మొదట నిబంధనలు. ఇలాంటి పెద్ద పోటీల్లో చూసేవాళ్లకు ఇదే వేసుకోవాలని ఆటగత్తెలకున్నంత కట్టుబాటు ఉండదు. కొన్ని క్లబ్బుల్లో మాత్రం లోపలి గదులకు కాలరున్న బట్టలు కావాలంటారు. సంచి ఎంత ఉండాలో, గొడుగు తేవచ్చో లేదో కూడా చెబుతారు. టికెట్టుతో వచ్చిన కాగితం చదువుకొని బయలుదేరాలి.

బట్ట నూలుదైతే మేలు. ఆడేవాళ్లు పాలిస్టర్ వేసుకుంటారు కదా అంటారు. అది చెమట పీల్చదు, తొందరగా ఆరుతుంది, పరుగులు పెట్టి ఆడేవాళ్లకు, చేతులు తిప్పేవాళ్లకు సరిపోతుంది. గంటలకొద్దీ నిలబడేవాళ్లకు చెమట పీల్చి గాలి ఆడనిచ్చే నూలే సుఖం. మరీ పలచన 120 నంబరు బట్ట చల్లగా ఉంటుంది కానీ ఎండ అందులోంచి దిగి చర్మం కమిలిపోతుంది. 60 నుంచి 80 నంబరు, ఒత్తుగా నేసింది మంచిది. రంగు లేతదైతే వేడి తక్కువ పీలుస్తుంది. తెల్లది వేసుకుంటే లోపల లైనింగ్ వేయించుకోవాలి.

కొత్తబట్ట అలాగే వేసుకొని వెళ్లకూడదు. మనం పడుగుకు గంజి పెడతాము. ఆ గంజి ఉన్నంతసేపు బట్ట చెమట పీల్చదు, గీరుకుంటుంది. రెండుసార్లు ఉతికి గంజి వదిలించాలి. ఉతికే ముందు తెల్లగుడ్డ తడిపి బట్ట మీద గట్టిగా రుద్ది చూడాలి. రంగు అంటితే ఆ బట్ట ఎండకు వద్దు. అది కొన్నచోటికే తిరిగి తీసుకెళ్లి అడగాలి. మమ్మల్ని కూడా అడగాలి.

చీర కట్టుకోవచ్చా అని మీరు అడుగుతారు. కట్టుకోవచ్చు, ఎవరూ కాదనరు. ఏడెనిమిది కిలోమీటర్లు గడ్డిలో నడవాలి కాబట్టి చీలమండలకు కొంచెం పైకి కట్టుకోవాలి. కొంగు నడుముకు చుట్టి పిన్ను పెట్టుకోవాలి. గాలికి కొంగు ఎగిరి ఆటగత్తె కంటికి అడ్డం వస్తే మర్యాద కాదు. జరీ ఎక్కువున్నది వద్దు, ఎండలో మెరిసి ఎదుటివాళ్ల కళ్లలో పడుతుంది. నడక అలవాటు లేనివాళ్లకు కుర్తా, వదులు పైజామా మంచిది. పొడుగు చేతులు ఉంటే చేతులు కమలవు.

గాజులు, పట్టీలు. ఇది మన ఆడవాళ్లకే ప్రత్యేకం. బంతి కొట్టే క్షణంలో గలగల అంటే అందరూ మన వైపే చూస్తారు. గాజులు తీయడం ఇష్టం లేనివాళ్లు వాటి మీద సన్నటి నూలుగుడ్డ చుట్టుకోవచ్చు. మన అమ్మాయి అదే చేసింది. మువ్వల పట్టీలు ఇంట్లో పెట్టిరావాలి.

కాళ్లకు ఎత్తుమడమల చెప్పులు వద్దు. గడ్డిలో దిగబడతాయి, నేలా పాడవుతుంది, కాలూ మడతపడుతుంది. జారని బూట్లు, లోపల నూలు మేజోళ్లు. తలకు అంచున్న టోపీ. ముఖానికి, మెడకు ఎండ క్రీము రెండు గంటలకోసారి. నీళ్లు తాగుతూ ఉండాలి. మంచినీళ్ల ముందు ఏ బట్టా గొప్పది కాదు.

ఇంక మన మాట. మనం సొంతూళ్లు విడిచి తరాలైంది. సోలాపూర్‌లో తువ్వాళ్లు, దుప్పట్లు, సేలంలో తెల్లపట్టు, కోయంబత్తూరు వైపు కోరా నూలు, బరంపురంలో పట్టు, ఇల్‌కల్ వైపు చీరలు. ఏ నాట ఉంటే ఆ నాటి బట్ట నేర్చుకొని నేశాము. కొనేవాళ్లకు ఏది కావాలో చూసుకున్నాము గానీ, మన పిల్లలు ఎండలో ఏమి వేసుకుంటున్నారో చూసుకోలేదు. సముద్రాలు దాటిన పిల్ల ఫోన్ చేస్తేగాని మాకు తెలియలేదు.

ఆ జూన్ తర్వాత మా సంఘంలో ఒక కట్టుబాటు పెట్టుకున్నాము. సబ్బునీళ్ల ఉడుకు లేని నూలు మగ్గానికి ఇవ్వము. ప్రతి బట్టకూ తెలుగులో, ఇక్కడి భాషలో, ఇంగ్లీషులో ఒక చీటీ కుట్టిస్తున్నాము. ఎన్ని నంబరు నూలు, ఏ రంగు అద్దకం, ఎలా ఉతకాలి, అంతే. ఖర్చు కొంచెం పెరిగింది. మీ మీ సంఘాల్లో కూడా ఇది చేయమని కోరుతున్నాము.

ఆ తండ్రి మళ్లీ మెరూన్ బట్టే నేశాడు, అదే నంబరు, అదే అంచు. ఈసారి ఉడకబెట్టేటప్పుడు మేము దగ్గరే నిలబడ్డాము. రంగునీళ్లు తేటపడేదాకా పొయ్యి ఆర్పనివ్వలేదు. తెల్లగుడ్డ తడిపి ఆయన చేతే రుద్దించాము. గుడ్డ తెల్లగానే ఉంది. పార్సిల్ పంపించాము. ఈ ఎండాకాలం దాన్ని వేసుకొని బయటకు వెళ్తానని అమ్మాయి చెప్పింది. ఆ ఫోన్ కోసం చూస్తున్నాము.